కట్టె మేలా? రాక్షసిబొగ్గు మేలా?

సామాన్యశాస్త్రం పుస్తకంలో ఇంధనాల పాఠం ఉన్నచోట తరచుగా ఒక చిన్న పట్టిక కనిపిస్తుంది. ఒక పక్క ఇంధనం పేరు, ఇంకో పక్క దాని ఉష్ణమూల్యం. కట్టె అట్టడుగున ఉంటుంది. దాని పైన రాక్షసిబొగ్గు, ఇంకా పైన కిరోసిను, వంటగ్యాసు. "రాక్షసిబొగ్గు కట్టెకంటె మేలైన ఇంధనం. ఎందుకు?" అని పరీక్షలో అడిగితే "దాని ఉష్ణమూల్యం ఎక్కువ గనుక" అని ఒక్క వాక్యం రాసి మార్కులు తెచ్చుకుంటారు. పట్టికతో నాకు తగాదా లేదు. ఆ ఒక్క వాక్యంతోనే తగాదా.

ఆ తగాదా తేల్చుకోవటానికి తెలుగునాట ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం పోయే దారికంటె మంచి చోటు లేదు. అక్కడ నేలమీద అడవి, నేలకింద బొగ్గు. రెండు ఇంధనాలూ ఒకదాని నెత్తిన ఒకటి ఉన్నాయి. ఆ దారిలో నెత్తిమీద కట్టెల మోపుతో నడిచే మనిషీ కనిపిస్తుంది, బొగ్గు నింపుకొన్న టిప్పరూ కనిపిస్తుంది. పైన టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి, ఇప్ప, వెదురు. కింద, గోదావరి లోయ పొడవునా ఉత్తరాన ఆదిలాబాదు వైపు దాదాపు 350 కిలోమీటర్లు సాగిన బొగ్గు పొరలు.

ఈ బొగ్గుకు "రాక్షసి" అనే మాట ఎవరు తగిలించారో గాని బాగా తగిలించారు. మామూలు బొగ్గు అంటే మన ఇళ్ళలో కట్టె కాలగా మిగిలేది. అది వేరు, నేలలో తవ్వి తీసేది వేరు. ఈ వ్యాసంలో బొగ్గు అన్నచోటల్లా నేలబొగ్గు, అంటే రాక్షసిబొగ్గు అనే అర్థం చేసుకోండి. అయితే పుట్టుక మాత్రం ఒకటే. 25 కోట్ల సంవత్సరాలకు పూర్వం ఈ లోయలో చిత్తడి నేలలు ఉండేవి. గ్లాసోప్టెరిస్ అనే జాతి చెట్లు వాటిలో పెరిగి, విరిగి, నీటిలో మునిగి, పైన ఇసుకా మట్టీ పేరుకొని, ఆ బరువుకూ లోపలి వేడికీ ఇగిరి, నల్లబడి బొగ్గు అయ్యాయి. కనుక రాక్షసిబొగ్గు అంటే పాతకాలపు కట్టే. కాకపోతే మరీ పాతది.

1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలయింది. 1920లో ఏర్పడిన కంపెనీకి ఆ పక్కనే ఉన్న సింగరేణి అనే ఊరి పేరు వచ్చింది. నేడు ఆ పేరు తెలియని తెలుగువారు ఉండరు. ఆ గనులన్నీ కలిసి ఇప్పుడు ఏడాదికి ఏడు కోట్ల టన్నుల ప్రాంతంలో బొగ్గు తీస్తున్నాయి.

ఇక పట్టిక దగ్గరకు వద్దాం.

పట్టికలో బొగ్గుకు ఒకే అంకె ఉంటుంది. బొగ్గు అంతా ఒకటే రకం అయినట్టు! మన దేశంలో బొగ్గును జి-1 నుంచి జి-17 వరకు తరగతులుగా విభజించారు. జి-1 కిలోకు 7,000 కిలోకెలోరీలకు పైగా ఇస్తుంది. పుస్తకాల్లో కట్టెకు రెట్టింపు వేడి అని చెప్పేది అటువంటి మేలురకం బొగ్గును మనసులో పెట్టుకొని. సింగరేణిలో తీసే బొగ్గులో అధికభాగం ఆ కోవకు చెందదు. జి-10, జి-11 అనుకోండి. అవి ఇచ్చేది 4,000 నుంచి 4,600 వరకు. జి-13 అయితే 3,400 నుంచి 3,700 మాత్రమే. కారణం బూడిద. ఆనాటి చిత్తడి నేలల్లోకి వరదనీరు తెచ్చిన బురద చెట్లతో కలిసిపోయింది. ఆ బురద నేటికీ బొగ్గులోనే ఉన్నది. నూరు కిలోల బొగ్గు కాలిస్తే ముప్ఫై, నలభై కిలోల బూడిద మిగలటం ఇక్కడ వింత కాదు. ఆ భాగం కాలదు. రైల్లో మాత్రం బొగ్గు ధరకే ప్రయాణం చేస్తుంది.

కట్టె సంగతి చూడండి. తేమ బొత్తిగా లేకుండా ఎండిన కట్టె కిలోకు సుమారు 4,500 కిలోకెలోరీలు ఇస్తుంది. చిరుమాను అయినా బూరుగు అయినా కిలోకు కిలో తూచి చూస్తే పెద్ద తేడా రాదు. "అదేమిటి, బూరుగు కట్టె చిటుక్కున మండి ఆరిపోతుంది, చిరుమాను గంటలతరబడి నిప్పు కాస్తుంది కదా!" అని మీ నాయనమ్మ అడుగుతుంది. నిజమే. బూరుగు తేలిక, చిరుమాను బరువు. ఒకే పరిమాణంలో ఉన్న మోపులు రెండూ ఒకే బరువు తూగవు. నాయనమ్మ మోపును లెక్కవేస్తున్నది, శాస్త్రజ్ఞుడు కిలోను లెక్కవేస్తున్నాడు. ఇద్దరూ సరిగానే చెబుతున్నారు.

అయితే పొయ్యిలోకి పోయే కట్టె ఎన్నడూ పూర్తిగా ఎండినది కాదు. ఇక్కడే అసలు కథ ఉన్నది. కాస్త ఓపికగా లెక్క వేద్దాం, పెన్సిలు తీసుకోండి.

మొన్న నరికిన పచ్చికట్టెలో బరువుకు సగం నీరే ఉంటుంది. కిలో పచ్చికట్టెలో అసలు కట్టె అర కిలో, అది ఇచ్చే వేడి 2,250 కిలోకెలోరీలు. మిగిలిన అర కిలో నీరు. ఆ నీరు ముందుగా 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కాలి, దానికి 35 కిలోకెలోరీలు. ఆ తరువాత ఆవిరి కావాలి. నీటి గుప్తోష్ణం గ్రాముకు 540 కెలోరీలని మీరు చదివారు. కనుక అర కిలోకు 270 కిలోకెలోరీలు. మొత్తం 305. ఇది పొయ్యిలోనే ఖర్చయిపోతుంది, గిన్నెకు చేరదు. చివరికి మిగిలేది 1,945.

అదే కట్టెను కొన్ని నెలలు ఎండలో, గాలి ఆడేచోట పేర్చి ఉంచితే తేమ నూటికి పదిహేను వంతులకు దిగుతుంది. అప్పుడు కిలోలో 850 గ్రాములు కట్టె. అది 3,825 ఇస్తుంది. అందులోంచి 150 గ్రాముల నీటికి 92 పోగా 3,730 పైగా మిగులుతుంది. ఒక్క ఎండవల్ల కట్టె విలువ దాదాపు రెట్టింపు అయింది! ఇప్పుడు ఈ 3,730ని సింగరేణి జి-13 బొగ్గు పక్కన పెట్టండి. కట్టె ఒక మెట్టు పైనే నిలబడింది. జి-11 పక్కన పెట్టితే కొంచెమే కింద. పట్టికలో కనిపించిన అంత అంతరం ఎక్కడికి పోయింది?

ఇంతటితో అయిపోలేదు. ఇంధనంలో ఉన్న వేడి వేరు, గిన్నెకు అందే వేడి వేరు. మూడు రాళ్ళు పెట్టి వండే పొయ్యిలో నూరుపాళ్ళ వేడిలో గిన్నెకు చేరేది పదిపాళ్ళు, మహా అయితే పదిహేను. తక్కినది గాలికీ, రాళ్ళకూ, వంట చేసే మనిషి మొహానికీ పోతుంది. ఐదు లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరగబెట్టటానికి నిజంగా కావలసింది 350 కిలోకెలోరీలే. కాని మూడురాళ్ళ పొయ్యిలో అందుకు 3,500 కిలోకెలోరీల ఇంధనం తగలెయ్యాలి. ఎండుకట్టె అయితే 940 గ్రాములు. పచ్చికట్టె అయితే కిలో 800 గ్రాములు. అదే పదిపాళ్ళ లెక్కన 4,300 ఇచ్చే బొగ్గు అయితే 810 గ్రాములు.

ఇప్పుడు పోల్చండి. ఎండుకట్టెకు బదులు బొగ్గు వాడితే మిగిలేది 130 గ్రాములు. కట్టెనే ఉంచి, ఇరవైపాళ్ళు గిన్నెకు అందించే మంచి పొయ్యి పెట్టుకొంటే 940లో సగం, 470 గ్రాములు మిగులుతుంది. పచ్చికట్టెకు బదులు ఎండుకట్టె వాడితే పొయ్యిలోకి పోయే బరువు 860 గ్రాములు తగ్గుతుంది. ఇంధనం మార్చటంకంటె పొయ్యి మార్చటం మేలు, ఈ రెంటికంటె మొదట ఎండ మేలు. ఎండ మన భద్రాచలం ప్రాంతంలో ఎవరూ కొనుక్కోవలసిన వస్తువు కాదు. ఆ మాటకొస్తే మే నెలలో కొత్తగూడెం పోయినవాళ్ళను అడగండి, కాస్త ఎండను ఊరికే మూటగట్టి ఇస్తామంటారు. కావలసింది వానకాలంలో ఆ ఎండిన కట్టె తడవకుండా నాలుగు నిట్రాళ్ళమీద ఒక చిన్న కప్పు. ఊళ్ళలో ఎన్నో పథకాలు వచ్చాయి గాని కట్టెలకు కప్పు వెయ్యాలని ఒక పథకం వచ్చినట్టు నేను వినలేదు.

పొయ్యి విషయంలో మాత్రం మనవాళ్ళు ముందుగానే మేలుకొన్నారు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్. పి. రాజు మట్టితో పొగగొట్టం పొయ్యి ఒకటి రూపొందించి, 1953లో దాన్ని గురించి చిన్న పుస్తకం ప్రచురించారు. ఒకే మంట వరసగా రెండుమూడు గిన్నెల కింద నుంచి సాగి, చివరకు పొగ గొట్టంలోంచి ఇంటి పైకి పోతుంది. దేశంలో ఈ రకం ప్రయత్నాలలో అది తొలితరానికి చెందినది. మూడు దశాబ్దాల తరువాత, 1983 చివరలో, కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టి 2002 వరకు నడిపింది. కోట్ల పొయ్యిలు కట్టారు. చాలా చోట్ల గొట్టం మసితో మూసుకుపోయింది, మట్టి పగిలింది, బాగు చేసేవాడు లేడు. మళ్ళీ మూడురాళ్ళే దిక్కయ్యాయి. పొయ్యి కట్టి వెళ్ళిపోవటం తేలిక. గొట్టం దులపటం ఎవరి పని అన్నది ఎవరూ తేల్చలేదు.

పొగ అంటే ఏమిటో ఇక్కడే చెప్పుకోవాలి. పొగ అంటే కాలకుండా పారిపోయిన ఇంధనం. ఎండుకట్టె బరువులో దాదాపు మూడువంతులకు పైగా వేడి తగలగానే వాయువుగా మారిపోతుంది. మనం చూసే పొడవైన పసుపు మంట ఆ వాయువులదే. వాటికి పై నుంచి తగినంత ఆమ్లజని, తగినంత వేడి దొరికితే పూర్తిగా కాలి నీటిఆవిరి, బొగ్గుపులుసు వాయువు అవుతాయి. పచ్చికట్టెలో నీరు మంటను చల్లబరుస్తుంది కాబట్టి ఆ వాయువులు సగం కాలి సగం కాలక తారుగా, మసిగా, కళ్ళు మండించే పొగగా బయటకు వస్తాయి. బొగ్గు స్వభావం వేరు. దానిలో వాయువుగా మారే భాగం తక్కువ, నిలకడగా ఎర్రగా కణకణమనే కర్బనం ఎక్కువ. దానికి గాలి పైనుంచి కాదు, కింద నుంచి రావాలి. అందుకే బొగ్గు పొయ్యికి ఇనప కమ్మీల జల్లెడ తప్పనిసరి. కట్టె పొయ్యిలో బొగ్గు పెళ్ళలు వేసి "ఇది మండదేం?" అనుకునేవాళ్ళు ఈ సంగతి గ్రహించాలి.

కొత్తగూడెం, ఇల్లందు గని కార్మికుల కాలనీలలో ఒకప్పుడు ఇంటింటా ఈ బొగ్గు పొయ్యిలే ఉండేవి. పొయ్యిని ముందు వాకిట్లో ముట్టించి, నల్లపొగ తగ్గి నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తీసుకుపోయేవారు. పొగ తగ్గింది కాబట్టి ప్రమాదం పోయిందని అనుకోవటం సహజం. నిజానికి అప్పుడే అసలు ప్రమాదం. ఎర్రగా కాలే బొగ్గుమీద గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగులేదు, వాసన లేదు. మన నెత్తుటిలో ఆమ్లజనిని మోసే హిమోగ్లోబిన్‌ను అది పట్టుకొని వదలదు. చలికాలంలో తలుపులు మూసుకొని గదిలో నిప్పుల కుంపటి పెట్టుకొని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవకపోవటం పత్రికలలో చదువుతూనే ఉంటాం. అది కట్టెబొగ్గు అయినా సరే, రాక్షసిబొగ్గు అయినా సరే. ఈ ఒక్క పేరా మీ ఇంట్లో పైకి చదివి వినిపించండి.

కట్టెపొగ కూడా మెల్లగా చేసే పని తక్కువది కాదు. ఇంటిలోపల పొయ్యి పొగవల్ల ప్రపంచంలో 2020లో సుమారు 32 లక్షలమంది మరణించి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీరిలో స్త్రీలు, పసిపిల్లలు చాలామంది. కాబట్టి వంటింటికి సంబంధించినంత వరకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వంటింట్లో బొగ్గుకు చోటు లేదు. గ్యాసు అందినవాళ్ళకు గ్యాసే మంచిది. 1999లో వచ్చిన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్జ్వల పథకం ఎన్నో ఇళ్ళకు సిలిండర్లు చేర్చాయి. కాని సిలిండరు ఇంట్లో ఉండటం వేరు, అయిపోయినప్పుడల్లా మళ్ళీ తెచ్చుకోగలగటం వేరు. అడవి అంచున కూలిమీద బతికే ఇంట్లో సిలిండరు చుట్టాలు వచ్చిన రోజుకు దాచిపెట్టుకునే వస్తువుగా ఉన్నంతకాలం కట్టె పొయ్యి ఉంటుంది. ఉన్నంతకాలం దానికి మంచి గొట్టమూ ఎండుకట్టే ఉండాలి.

వంటింటి గడప దాటితే లెక్క మారుతుంది.

పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. 1966లో మొదలైన పాత యూనిట్లు కాలం తీరి మూతబడ్డాయి. వాటి ఎనిమిది శీతలీకరణ గోపురాలను 2024లో కూల్చివేశారు. ఇప్పుడు నడుస్తున్నవాటిలో 2018లో వచ్చిన 800 మెగావాట్ల యూనిట్ పెద్దది. "బొగ్గు ఎందుకు, అడవిలో బోలెడు కట్టె ఉన్నది కదా" అని ఎవరయినా అంటే ఏమవుతుందో చూద్దాం. ఆ యూనిట్ రోజంతా పూర్తిశక్తితో నడిస్తే కోటీ 92 లక్షల యూనిట్ల విద్యుత్తు వస్తుంది. ఒక యూనిట్ విద్యుత్తు అంటే 860 కిలోకెలోరీలు. బాయిలర్లూ టర్బయిన్లూ కలిసి నూటికి 36 పాళ్ళే విద్యుత్తుగా మార్చగలిగాయనుకొంటే, ఒక్కొక్క యూనిట్‌కూ దాదాపు 2,390 కిలోకెలోరీల ఇంధనం కావాలి. 4,000 ఇచ్చే బొగ్గు అయితే 600 గ్రాములు. అంటే రోజుకు పదకొండున్నర వేల టన్నులు. 3,500 ఇచ్చే కట్టె అయితే రోజుకు 13 వేల టన్నులు, ఏడాదికి 47 లక్షల టన్నులు.

ఈ కట్టె ఎక్కడ నుంచి వస్తుంది? ఎకరంలో బాగా పెంచిన జామాయిల్ తోట ఏడాదికి సగటున 8 టన్నుల కట్టె ఇస్తుందనుకొందాం. ఇది ఉదారమైన అంచనాయే. 47 లక్షల టన్నులకు దాదాపు 6 లక్షల ఎకరాలు, అంటే 2,400 చదరపు కిలోమీటర్లు కావాలి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మొత్తం సుమారు 7,500 చదరపు కిలోమీటర్లు. ఒక్క యూనిట్‌కు జిల్లాలో మూడోవంతు నేల! అక్కడ వరి పండదు, ఊరు ఉండదు, ఇప్పచెట్టు ఉండదు. పెద్ద మంటకు కట్టె పనికిరాదని ఈ ఒక్క లెక్కే చెబుతుంది. వేడి తక్కువై కాదు, నేల చాలక.

ఇంగ్లండులో పదహారు, పదిహేడు శతాబ్దాలలో కట్టె కరువై ధర పెరిగి జనం బొగ్గుకు మళ్ళారు. మన మద్రాసు తీరంలో తొలి రోజుల రైలు ఇంజన్లు కట్టెలతో నడిచాయి. వాటికోసమే సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలు పెంచారు. తరువాత ఆ ఇంజన్లలోకీ బొగ్గు వచ్చింది. కనుక "బొగ్గు అడవిని కాపాడింది" అని కొందరు చెప్పేమాటలో నిజం ఉన్నది.

కాని సగం నిజమే ఉన్నది. మిగతా సగం ఇల్లందులో చూడాలి. భూగర్భ గనిలో బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఆపటానికి దుంగలు నిలబెట్టేవారు. ఆ దుంగలు అడవిలోవే. ఉక్కు స్తంభాలు, పైకప్పులోకి బిగించే ఉక్కు బోల్టులు వచ్చేదాకా ప్రతి గని తన పైనున్న అడవిని కొంచెం కొంచెంగా లోపలికి దించుకొన్నది. ఇప్పుడు దుంగల బాధ తగ్గింది గాని ఉపరితల గనులు వచ్చాయి. ఇల్లందు దగ్గర కోయగూడెం, కొత్తగూడెంలో గౌతంఖని, మణుగూరు, సత్తుపల్లిలో జె.వి.ఆర్. గని, ఇవన్నీ ఆ కోవవే. పైనున్న మట్టినీ రాతినీ తొలగించి బొగ్గు తీస్తారు. టన్ను బొగ్గుకు ఐదారు ఘనమీటర్ల మట్టి లేస్తుంది. ఆ మట్టి పోసిన దిబ్బలు ఇప్పుడు ఆ ప్రాంతంలో కొత్త గుట్టల్లాగా కనిపిస్తాయి. గని వచ్చినచోట అడవి ఉంటే అడవి పోతుంది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అందుకు కేంద్రం అనుమతి కావాలి, బదులుగా మొక్కలు నాటాలి. నాటుతున్నారు కూడా. కాని నూరు రకాల చెట్లు, పొదలు, తీగలు, గడ్డలు ఉన్న అడవికి వరసలు తీసి నాటిన తోట బదులు కాదు. కోయవారికి తునికాకు, ఇప్పపువ్వు, తేనె, కుంకుడుకాయ ఇచ్చేది ఆ వరసల తోట కాదు.

బూడిద లెక్క కూడా వెయ్యండి. రోజుకు పదకొండున్నర వేల టన్నుల బొగ్గులో నూటికి 35 వంతులు బూడిద అంటే నాలుగువేల టన్నులు. ఒక్క రోజుకు! సిమెంటులో, ఇటుకల్లో కొంత వాడతారు. తక్కినది నీటితో కలిపి చెరువుల్లోకి పంపుతారు. మన పొయ్యిలో కట్టె బూడిద నూటికి ఒకటి రెండు పాళ్ళే, అదికూడా వంకాయ మడికో, గిన్నెలు తోముకోవటానికో పోతుంది. అయితే బొగ్గు పట్ల న్యాయం కోసం ఒకటి చెప్పాలి. మన గోండ్వానా బొగ్గుల్లో గంధకం తక్కువ, సాధారణంగా నూటికి ఒకటికి లోపే. కొన్ని దేశాల బొగ్గు ఈ విషయంలో మనదానికంటె చెడ్డది.

వంటింటికీ విద్యుత్ కేంద్రానికీ నడుమ ఇంకో రకం మంట ఉన్నది. అశ్వారావుపేట దాటి జంగారెడ్డిగూడెం వైపు వెళితే పొలాల మధ్య ఎత్తయిన గదులు కనిపిస్తాయి. అవి వర్జీనియా పొగాకు ఆరబెట్టే బారన్లు. ఆకును కర్రలకు గుచ్చి లోపల వేలాడదీసి, ఇనపగొట్టాలలో వేడిని పంపి, దాదాపు వారం రోజులు 35 డిగ్రీల ప్రాంతం నుంచి మొదలుపెట్టి మెల్లమెల్లగా 70 డిగ్రీల దాకా తీసుకువెళతారు. కిలో ఆరిన పొగాకుకు నాలుగైదు కిలోల కట్టె పడుతుంది. కొన్ని బారన్లలో కట్టె, కొన్నింటిలో సింగరేణి బొగ్గు కాల్చారు. పొగాకు మనిషికి మంచిదా అన్నది వేరే వ్యాసం, జవాబు కూడా మీకు తెలుసు. ఇక్కడ మనకు పనికివచ్చేది ఏమంటే, రైతు రెండింటినీ చేత్తో పట్టి చూసినవాడు. కట్టెకు మనిషి రాత్రంతా దగ్గర కూచుని ఎగదోయాలి. బొగ్గు నిలకడగా కాలుతుంది, కాని జల్లెడ మారాలి, బూడిద తీయాలి, సరఫరా మీద ఆధారపడాలి. కట్టె అయితే తన గట్టుమీద సుబాబుల్ నాటుకోవచ్చు. బారన్ పైకప్పులోంచి, పగుళ్ళలోంచి పోయే వేడిని ఆపితే ఏ ఇంధనమయినా తక్కువ పడుతుంది. ఇక్కడా పొయ్యి సంగతే ముందుకు వచ్చింది చూశారా?

చివరిగా అందరూ మాట్లాడే బొగ్గుపులుసు వాయువు. కట్టె "పచ్చని ఇంధనం", బొగ్గు "నల్లని ఇంధనం" అని కొందరు తేల్చేస్తారు. పొగగొట్టం మొదట్లో నిలబడి చూస్తే కట్టె పుణ్యాత్మురాలేమీ కాదు. ఎండుకట్టెలో సగం కర్బనమే. వెయ్యి కిలోకెలోరీలకు అది వదిలే బొగ్గుపులుసు వాయువు సుమారు 400 గ్రాములు, బొగ్గుదీ ఇంచుమించు అంతే. తేడా పొయ్యిలో లేదు, చెట్టు ఉన్నచోట ఉన్నది. కట్టెలోని కర్బనం నిన్నమొన్న గాలిలోంచి తీసుకున్నది. అక్కడ మళ్ళీ చెట్టు లేస్తే తిరిగి లోపలికి తీసుకుంటుంది. లేవకపోతే తీసుకోదు. మొదలంటా నరికి దున్నేసిన చోట వచ్చిన కట్టెకూ బొగ్గుకూ గాలి దృష్టిలో భేదం లేదు. బొగ్గులోని కర్బనం 25 కోట్ల ఏళ్ళనుంచి నేలలో దాగి ఉన్నది. దాన్ని తిరిగి దాచటానికి మనదగ్గర అంత వ్యవధి లేదు. అందుకే విద్యుత్తుకు బొగ్గు తప్పదని నేను ఒప్పుకొనేది ఇప్పటికి మాత్రమే. సూర్యరశ్మితో, గాలితో తీసే విద్యుత్తు పెరిగినకొద్దీ మొదట తగ్గవలసింది ఈ మంటే.

ఇంకో మాట. అడవి తగ్గిపోతున్నదని చెప్పినప్పుడల్లా వేలు చూపేది కట్టెల మోపు ఎత్తుకున్న ఆడమనిషి వైపు. ఆమె ఎక్కువగా తెచ్చేది రాలిన కొమ్మ, ఎండిన పుల్ల. అది ఎండినదే కావటం ఆమెకూ లాభం, మోపులో నీరు మొయ్యక్కరలేదు. మోపు ఇరవై కిలోలు. టిప్పరు ఇరవై టన్నులు. పచ్చి చెట్టు నరికి పట్టణానికి అమ్మేవాళ్ళు లేరని నేను అనటం లేదు, ఉన్నారు. పట్టణంలో కొనేవాళ్ళు ఉన్నారు కాబట్టే ఉన్నారు. తూచేటప్పుడు మాత్రం అందరినీ ఒకే తక్కెడలో వెయ్యాలి.

మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని, బడిలో మధ్యాహ్న భోజనం వండేచోటగాని కట్టెపొయ్యి ఉంటే ఈ పని చెయ్యండి. కట్టెల కొట్టు నుంచి కిలో కట్టె తూచి తీసుకోండి. సన్నగా చీల్చి రెండు వారాలు బాగా ఎండలో పెట్టి మళ్ళీ తూచండి. ఎంత నీరు పోయిందో తెలుస్తుంది. తరువాత ఎండనిది ఒక కట్ట, ఎండినది ఒక కట్ట విడివిడిగా తూచి, పెద్దవాళ్ళు దగ్గర ఉండగా, ఒకే గిన్నెలో మూతపెట్టి ఐదేసి లీటర్ల నీళ్ళు మరిగించండి. ప్రతిసారీ మిగిలిన కట్టెను నీళ్ళు చల్లకుండా ఆర్పి తూచండి. పొయ్యి చుట్టూ మట్టితో గోడ కట్టి, గిన్నెకూ గోడకూ మధ్య వేలెడు సందు ఉంచి మూడోసారి చెయ్యండి. మూడు అంకెలు వస్తాయి. వాటిని మీ పాఠ్యపుస్తకంలో ఆ పట్టిక ఉన్న పుటలో, కట్టె అనే మాట పక్కన పెన్సిలుతో రాసుకోండి.